వీర్యకణాల కౌంట్ తక్కువుంటే సప్లిమెంట్లు నిజంగా పనిచేస్తాయా?

కొత్త_కాపురం: పెళ్లై మూడేళ్లు. రిపోర్ట్‌లో కౌంట్ ఎంఎల్‌కి 9 మిలియన్లు వచ్చింది, కనీసం 16 ఉండాలంట. డాక్టర్ గారు కాగితం చూసి రెండు నిమిషాల్లో కోక్యూ10, కార్నిటైన్, జింకు, లైకోపీన్ అన్నీ కలిపిన క్యాప్సూల్స్ రాసేశారు, నెలకి 2,400. అత్తగారేమో ఫోన్ చేసినప్పుడల్లా విశేషమా అని మా ఆవిడనే అడుగుతారు, తేడా నాలో ఉందని ఇంట్లో ఇంకా చెప్పలేదు. వాడమంటారా?

గోదారి_గాలి: కళ్లుమూసుకుని వాడు బ్రో. నాకు 11 ఉండేది, మూడు నెలల్లో 19 అయింది, పాప ఇప్పుడు ఎల్‌కేజీ. సిగరెట్లు కూడా అప్పుడే మానేశా అనుకో.

సందేహాల్రావు: ఆ చివరి ముక్క అంత మెల్లగా చెప్తే ఎలా అన్నా 😀 క్రెడిటంతా డబ్బాకేనా? అసలు కౌంట్ అనేది ఒకే మనిషికి ఒక నెల ఒకలా ఇంకో నెల ఇంకోలా వస్తుంది, గట్టిగా జ్వరమొచ్చినా పడిపోతుంది, అందుకే రెండోసారి టెస్ట్ చేయించమంటారు. అమెరికాలో 2,370 జంటల మీద ట్రయల్ చేశారు, 2020లో జామా అనే వైద్య జర్నల్‌లో వచ్చింది. సగం మంది మగాళ్లకి రోజూ 30 మి.గ్రా. జింకు, 5 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్ ఆరు నెలలు ఇచ్చారు, మిగతావాళ్లకి ఉత్తుత్తి మాత్రలు. పిల్లలు పుట్టింది మందు వాడినోళ్లలో 34 శాతం, వాడనోళ్లలో 35! పైగా కడుపునొప్పి, వికారం మందు మింగినోళ్లకే ఎక్కువ.

గోదారి_గాలి: అది జింకు సంగతి, కోక్యూ10 కాదుగా. కోక్యూ10 లాంటి యాంటీఆక్సిడెంట్లు ఉపయోగపడొచ్చని, వైద్య స్టడీలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లే అన్నారు.

సందేహాల్రావు: అన్నారు, కాదనను. 2022లో 90 స్టడీలు కలిపి చూశారు. కానీ ఆధారం చాలా బలహీనం అని కూడా వాళ్లే రాశారు, నమ్మదగని స్టడీలు తీసేస్తే పిల్లలు పుట్టడంలో తేడా కనపడలేదు. రిపోర్ట్‌లో అంకె పెరగడం వేరు, ఉయ్యాల కట్టడం వేరు.

ఇద్దరమ్మాయిల_అమ్మ: మీ లెక్కలు పక్కన పెట్టండి బాబూ. మావారు ఏడాదిన్నర ఇవే మింగారు. తర్వాత ఇంకో డాక్టర్ ఆయన్ని నిలబెట్టి, ఊపిరి బిగబట్టమని చేత్తో పట్టి చూసి, వేరికోసీల్ ఉందయ్యా, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బాయి, ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా అన్నారు. ఆపరేషన్ అయ్యాక కొత్త కణాలు తయారవడానికే రెండున్నర నెలలు పడుతుందన్నారు, ఈలోపు నాకు 36 దాటాయి. డబ్బులు పోతే పోయాయి, ఆ ఏడాదిన్నర ఎవరిస్తారు? తమ్ముడూ, నిన్ను డాక్టర్ పరీక్ష చేశారా? జిమ్‌లో ఇంజెక్షన్లేమైనా తీసుకున్నావా? టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ బయట నుంచి ఎక్కిస్తే లోపల వీర్యకణాల తయారీ ఆగిపోతుంది, అది చాలామందికి తెలీదు.

కొత్త_కాపురం: నన్ను కుర్చీలోంచే లేవమనలేదక్కా. ఇంజెక్షన్లంటే... పెళ్లికి ముందు కోచ్ ఏవో ఇచ్చాడు, మొన్నటిదాకా అప్పుడప్పుడు తీసుకున్నా. డాక్టర్ గారు అడగలేదు, నేను చెప్పలేదు. సోమవారం మగాళ్ల సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం, ఇద్దరం. రెండో డబ్బా ఇంకా సీల్ తీయలేదు, మెడికల్ షాపులో వెనక్కి తీసుకుంటారంటారా?