ఎంజీబీ గేర్‌బాక్స్ ఆయిల్ లీకు: ఇంజిన్ పైకి లాగాలా, కింద అట్టముక్క వేసుకుని నడపాలా?

లీకువీరుడు (బర్మింగ్‌హామ్):
అందరికీ నమస్తే. నాది 1972 ఎంజీబీ రోడ్‌స్టర్ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), ఓవర్‌డ్రైవ్ (గేర్‌బాక్స్ వెనక ఉండే అదనపు గేరు) ఉన్నది. రాత్రి గ్యారేజీలో పెడితే పొద్దునకల్లా బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్‌ని కప్పే గూడు) కింద అప్పడమంత మరక. గేర్‌బాక్స్ ముందు సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు) పోయిందని షెడ్డాయన తేల్చేశాడు. ఈ బండిలో గేర్‌బాక్స్ ఒక్కదాన్నే కిందికి దించడం కుదరదు, ఇంజిన్‌తో కలిపి పైకి లాగాల్సిందే. ఆయన చెప్పిన రేటు వినగానే మా ఆవిడ కారే అమ్మేయమంది. ఇక్కడో ఫ్రెండేమో, సీల్స్‌ని ఉబ్బించే మందు ఒక డబ్బా పోస్తే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

పాత ఇనుము:
లాగొద్దు. లెక్క చూడండి. రాత్రికి పది చుక్కలు అనుకుందాం. సుమారు ఇరవై చుక్కలకి ఒక మిల్లీలీటరు. అంటే నెలకి పదిహేను మిల్లీలీటర్లు, టీస్పూన్‌తో మూడు. గేర్‌బాక్స్, ఓవర్‌డ్రైవ్ కలిపి పట్టేది దాదాపు మూడున్నర లీటర్లు. మూడు స్పూన్ల కోసం ఇంజిన్ పీకుతారా? బండికి నలభై ఏళ్లు దాటాయి, పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ టెస్ట్ (ఇక్కడ బ్రిటన్‌లో ఏటా చేసే బండి తనిఖీ) కూడా అక్కర్లేదు. అట్టముక్క వేసుకోండి, నెలకోసారి లెవెల్ చూసుకోండి.

స్పానర్ సత్యం:
ఇనుము గారూ, మీరు నిలబడి ఉన్న బండి లెక్క చెప్పారు. ఆయిల్ వేడెక్కి పలచబడి, షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు ఎంత పోతోందో అట్టముక్క చెప్పదు. ఇంకోటి, లీకు నిజంగా ముందు సీల్‌దే అయితే ఆ ఆయిల్ క్లచ్ ప్లేట్ మీద పడుతుంది. ఇవాళ మరక, రేపు ఫస్ట్ గేర్‌లో బండి గజగజ వణుకుడు. ఎలాగూ అప్పుడు లాగాల్సిందే, పైగా క్లచ్ ఖర్చు అదనం. ఎంఓటీ అక్కర్లేదని రోడ్డంతా ఆయిల్ చల్లుకుంటూ పోతే, వెనక వచ్చే బైకువాడి గతేంటి?

ఆ డబ్బా మందు మాత్రం వద్దే వద్దు. ఓవర్‌డ్రైవ్‌కి వేరే ఆయిల్ లేదు, గేర్‌బాక్స్‌దే వాడుకుంటుంది. లోపల కోన్ క్లచ్ (శంకువు ఆకారపు క్లచ్) ఉంటుంది, అది రాపిడితోనే పట్టుకోవాలి. ఏముందో తెలియని మందులు పోస్తే జారడం మొదలుపెడుతుంది.

మూడో గేర్:
చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే లీకు తగ్గదా? జీఎల్-5 అనే గ్రేడు అయితే ఇంకా మంచిదని విన్నాను.

స్పానర్ సత్యం:
బాబూ, అది ఈ గేర్‌బాక్స్‌కి పోయొద్దు. జీఎల్-5లో వేసే గంధకం మందులు సింక్రో రింగుల్లాంటి (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) ఇత్తడి, కంచు భాగాల్ని తినేయగలవు. ఎంజీబీకి కంపెనీ చెప్పింది మామూలు ఇంజిన్ ఆయిలే, 20డబ్ల్యూ-50.

ఆటోనగర్ అబ్బాయి (లెస్టర్):
అన్నలూ, మీ తగవంతా అక్కడే తెగుతుంది. ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50, గేర్‌బాక్స్‌లోనూ అదే. మరి ఆ మరక ఎవరిదో షెడ్డాయనకి ఎలా తెలిసింది? వాసన చూశాడా?

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లు చేసేవాడు. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే బీ-సిరీస్ కుటుంబం. లీకు అని బండి వస్తే నాన్న ముందు స్పానర్ పట్టేవాడు కాదు, కిరసనాయిలు గుడ్డ పట్టేవాడు. లీకువీరుడన్నా, మొత్తం కడిగి తుడువు. బెల్‌హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం, అందులో వేలాడే స్ప్లిట్ పిన్ ఉంటాయి. లోపల లీకైతే ఆయిల్ దాన్నుంచే రావాలి. గేర్‌బాక్స్‌లో మాత్రమే యూవీ డై (యూవీ లైట్ పడితే మెరిసే రంగు) పోసి, వంద కిలోమీటర్లు తిప్పి, చీకట్లో యూవీ లైట్ కొట్టి చూడు.

లీకువీరుడు:
రెండు వారాల తర్వాత వచ్చాను, సారీ. స్ప్లిట్ పిన్ ఎండిపోయినట్టు పొడిగా ఉంది! మరక బెల్‌హౌసింగ్ బయటి నుంచి జారుతోంది. వేలితో పైకి తడుముకుంటూ వెళ్తే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే గొట్టాలు) వెనక ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పక్కనుండే రేకు మూత) దగ్గర తేలాను. ఎవరో బోల్టు మరీ బిగించి కవర్‌ని వంచేశారు, ప్యాకింగ్ ఒకపక్క నలిగి బయటికొచ్చింది. అంటే అప్పడం ఇంజిన్‌ది. డై మెరిసింది మాత్రం వెనకాల, వెనక చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ బిగించే ఫ్లాంజ్ (పళ్లెంలాంటి అంచు) దగ్గర. అది నిజంగా గేర్‌బాక్స్ లీకే.

పాత ఇనుము:
చెప్పానా, లాగొద్దని!

స్పానర్ సత్యం:
మీరు చెప్పిన కారణానికి కాదు లెండి. లీకువీరుడు గారూ, ఆ వెనక సీల్ ఇంజిన్ లాగకుండా బండి మీదే మార్చొచ్చు. షాఫ్ట్ విప్పే ముందు రెండు ఫ్లాంజ్‌ల మీదా గుర్తు గీసుకోండి, మళ్లీ అలాగే బిగించాలి. ఫ్లాంజ్ బయటికొచ్చాక సీల్ రాసుకునే చోట గోరు పెట్టి లాగండి. గోరు ఆగితే అక్కడ గాడి పడ్డట్టే, కొత్త సీల్ వేసినా మళ్లీ కారుతుంది.

లీకువీరుడు:
నిన్నే విప్పాను. గోరు ఆగింది. గాడి మీద తొడిగే సన్నటి స్లీవ్ ఆర్డర్ పెట్టాను, శనివారం వస్తుంది. ట్యాపెట్ కవర్ కోసం మానిఫోల్డ్ ఎలాగూ విప్పాలి కదా, ఆ నట్లకి ఇప్పటినుంచే రోజూ నూనె కొడుతున్నాను. షెడ్డాయనకి ఇంకా ఫోన్ చేయలేదు.