అప్‌డేట్: ఎక్స్‌పీలో డీవీడీ రైటర్ మామూలు సీడీ డ్రైవ్‌గా కనబడే సమస్య తీరింది

మొన్న అడిగాను కదా, పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్‌లో డీవీడీ రైటర్ ఉన్నా మై కంప్యూటర్‌లో ఉత్త సీడీ డ్రైవ్ అనే చూపిస్తోందని, ప్రాపర్టీస్‌లో రికార్డింగ్ ట్యాబ్ కూడా మాయమైందని. కేబుల్ మార్చమని, కొత్త డ్రైవ్ కొనేయమని రకరకాల సలహాలొచ్చాయి. డ్రైవ్‌కి ఏ రోగమూ లేదు. సిస్టమ్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో మోడల్ నంబరు సరిగ్గానే పడుతోంది, అంటే తేడా విండోస్ వైపే.

డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేసినా లాభం లేకపోయింది. చివరికి విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో దొరికింది: కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్ దాటాక ఎక్స్‌ప్లోరర్, అందులో సీడీ బర్నింగ్, దాంట్లో డ్రైవ్స్, అక్కడ వాల్యూమ్ అని మొదలయ్యే పొడుగాటి పేరున్న కీలో (ఫోల్డర్ లాంటిదే) 'డ్రైవ్ టైప్' అని ఒక వాల్యూ ఉంటుంది. 1 అంటే సీడీ-ఆర్, 2 అంటే సీడీ-ఆర్‌డబ్ల్యూ, 3 అంటే అసలు రైటరే కాదు. నాది 3 మీద కూర్చుంది! 2 చేసి లాగాఫ్ అయి వచ్చేసరికి ట్యాబ్ ప్రత్యక్షం. (ముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, రిజిస్ట్రీతో పరాచికాలొద్దు.)

ఇంకోటి, ఎక్స్‌పీ సొంతంగా సీడీలే రాస్తుంది, డీవీడీ-ఆర్‌కి వేరే సాఫ్ట్‌వేర్ కావాల్సిందే. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు గుర్తు, కోడ్ 39 (డ్రైవర్ లోడ్ కాలేదనే ఎర్రర్) వచ్చేవాళ్లది వేరే కథ, వాళ్లు పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ వదిలిపోయిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రిజిస్ట్రీ వాల్యూల సంగతి చూసుకోవాలి.