అప్‌డేట్: మిథనాల్ పడగానే టర్బో ఇంజన్‌లో వచ్చే తడబాటు పోయింది

పోయినసారి నేనడిగింది ఇదీ: మిథనాల్ ఇంజెక్షన్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిలో మిథనాల్ చల్లే కిట్) పెట్టాక బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టేటప్పుడు, ఇంజన్ తడబడుతోంది, ముందు పెట్రోల్ తగ్గించాలా, టైమింగ్ పెంచాలా (స్పార్క్ ఇంకాస్త ముందే పడేలా చేయాలా) అని. ముందు పెట్రోల్ సంగతి చూడమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్, అదే నిజమైంది.

లాగ్ (ఇంజన్ రీడింగుల రికార్డు) తీసి చూస్తే మిథనాల్ పంపు 5 పీఎస్ఐ బూస్ట్‌కే మొదలవుతోంది, అప్పటికి లోపలికి వెళ్లే కాస్త గాలికి అంత మిథనాల్ ఎక్కువైపోయి ల్యాంబ్డా (గాలికి, ఇంధనానికి ఉన్న నిష్పత్తి; 1 అంటే సరిపాళ్లు, తగ్గితే ఇంధనం ఎక్కువైనట్టు) 0.70 దాకా పడిపోతోంది. మిథనాల్ కూడా ఇంధనమే కదా, నేను దాన్ని గాలిని చల్లబరిచేదిగానే చూశాను. పంపును 10 పీఎస్ఐకి మార్చి, బూస్ట్ ఉన్నచోట పెట్రోల్‌ను 2 శాతం చొప్పున తగ్గిస్తూ 0.80 దగ్గర ఆపాను. స్పార్క్ ప్లగ్ గ్యాప్ కూడా 0.6 మి.మీ.కి తగ్గించాను. తడబాటు పోయింది.

ఆ తర్వాతే టైమింగ్. ఒక్కో డిగ్రీ పెంచి ప్రతిసారీ లాగ్ చూశాను, 3 డిగ్రీల వరకు శుభ్రంగా ఉంది, నాలుగోదానికి నాక్ (ఇంధనం అదుపు తప్పి దానంతటదే మండి కొట్టుకోవడం) కనిపించింది, వెంటనే 2కి వచ్చేశాను.

అసలు టెన్షన్ మిథనాల్ చల్లే నాజిల్ గురించి. అది మూసుకుపోతే ఈ టైమింగ్‌ని పెట్రోల్ ఒక్కటే తట్టుకోలేదు, పిస్టన్ పోతుంది. అందుకే ఫ్లో సెన్సర్ పెట్టి, ఫ్లో పడగానే బూస్ట్ తగ్గి పాత మ్యాప్‌కి (మిథనాల్ లేనప్పటి పెట్రోల్, టైమింగ్ సెట్టింగులకి) వెళ్లేలా సెట్ చేశాను. తక్కువ బూస్ట్‌లో పంపు వైరు తీసేసి చూశాను, పనిచేస్తోంది.