గేమ్‌లో మామ్లుక్‌తో మొదలైన మాట మతద్వేషం దాకా వెళ్లింది, మా అక్క కొడుకుతో ఎలా మాట్లాడాలి?

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. ఇంటర్ చదివే మా అక్క కొడుకు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే యుద్ధాల గేమ్ బాగా ఆడతాడు. అందులోని సైనికుల్లో ట్యుటానిక్ నైట్ గొప్పా, ఒంటె మీంచి కత్తులు విసిరే మామ్లుక్ గొప్పా అని నాతో వాదించేవాడు. (నా ఓటు మామ్లుక్‌కే, గుర్రపు దళాలు దాని ముందు నిలవలేవు.)

ఈమధ్య క్రూసేడ్ల (జెరూసలేం కోసం మధ్యయుగంలో క్రైస్తవులకు, ముస్లింలకు జరిగిన యుద్ధాల) వీడియోలు చూసి, ఆ యుద్ధాలు ఇంకా ముగియలేదని, ఒక మతం వాళ్లంతా శత్రువులేనని అంటున్నాడు. గాజా వార్తలొస్తే చాలు, అదే మాట. పాతబస్తీలో ఉండే చిన్ననాటి ఫ్రెండ్‌తో మాట్లాడటం కూడా మానేశాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

1192లో ముస్లిం సుల్తాన్ సలాదీన్, ఇంగ్లండ్ రాజు రిచర్డ్ రాజీపడి క్రైస్తవ యాత్రికులను జెరూసలేంకు రానిచ్చారని చెప్పాను. 1260లో మంగోలుల మీదికి వెళ్తున్న ఈజిప్టు ముస్లిం పాలకులైన మామ్లుక్‌ల సైన్యానికి ఆక్రే రేవు పట్టణపు క్రైస్తవులే దారి ఇచ్చారనీ చెప్పాను. "మీకు తెలీదు మామయ్యా" అనేసి లేచిపోతాడు.

ఫోన్ లాక్కుంటే ఇంకా మొండికేస్తాడని నా భయం. ఈ వయసు పిల్లల్ని ఇలాంటి ద్వేషం నుంచి వెనక్కి తెచ్చుకున్నవాళ్లుంటే, మొదట ఏం మాట్లాడారో చెప్పండి. ఆ ఫ్రెండ్‌ని ఇప్పుడే ఇంటికి పిలవొచ్చా, కొన్నాళ్లు ఆగాలా?