చర్చ: మాస్కోలో టోర్ 2 శాతం దగ్గరే ఆగుతోంది, ఏ బ్రిడ్జి పెట్టాలి?

మాస్కోమంచు:
హాస్టల్ వైఫై, టోర్ బ్రౌజర్ (మన ఐపీ సైటుకి కనబడకుండా మూడు సర్వర్ల మీదుగా నెట్ తిప్పేది) తాజా వెర్షన్. ఓబీఎఫ్ఎస్4 రకం బ్రిడ్జి (టోర్‌ని మూసేసిన చోట లోపలికి పక్కదారి) పెడితే లాగ్‌లో 2 శాతం దాటట్లేదు. స్నోఫ్లేక్ (వాలంటీర్ల కంప్యూటర్ల మీదుగా వెళ్లే దారి) అయితే 10 దాకా వెళ్లి కూర్చుంటోంది. ఏ బ్రిడ్జి పెట్టాలి? ఫోన్‌లో ఆర్బాట్ (మిగతా యాప్‌లనీ టోర్ మీదుగా పంపే యాప్) మేలా, టోర్ బ్రౌజరా? టోర్‌లోంచి ఇన్‌స్టా తెరిస్తే అకౌంట్ లాక్ చేస్తారా?

ఉల్లిపొర:
బ్రౌజర్‌తో పాటు వచ్చే బ్రిడ్జిలే పెట్టారా? వాటి ఐపీలు బహిరంగం, సెన్సార్ వాళ్లు ముందు మూసేది వాటినే. సెట్టింగ్స్‌లో కనెక్షన్‌కి వెళ్లి కొత్తవి అడగండి, లేదా టెలిగ్రామ్‌లో గెట్‌బ్రిడ్జెస్ బాట్‌ని అడగండి. మెయిల్ పెడితే జీమెయిల్ నుంచో రైజప్ నుంచో పెట్టాలి. వచ్చిన లైన్ మొత్తం కాపీ కావాలి: ఐపీ, పోర్టు, 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్, సెర్ట్, చివర్న ఐఏటీ-మోడ్. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకుంటే లైన్ మధ్యలో విరిగి సెర్ట్ సగమే అతుక్కుంటుంది.

రిలేరాయుడు:
2013 నుంచి రిలేలు (టోర్ ట్రాఫిక్ మోసే సర్వర్లు) నడుపుతున్నా, రాసిపెట్టుకోండి: ఓబీఎఫ్ఎస్4 ఇక దండగ. ట్రాఫిక్‌ని అర్థంపర్థం లేని బైట్లుగా మారుస్తుంది, ఏ ప్రోటోకాల్‌లాగా లేకపోవడమే దాని ఆనవాలు. చైనా 2021 నవంబర్ నుంచి దాన్నే పట్టుకుంది. మొదటి ప్యాకెట్‌లో బైటులోని 8 బిట్లలో సగటున 3.4 నుంచి 4.6 దాకా ఒకట్లే ఉండి (అంటే సున్నాలూ ఒకట్లూ దాదాపు సగంసగం), చదవగలిగే అక్షరాలు పెద్దగా లేక, తెలిసిన ప్రోటోకాల్ కూడా కాకపోతే, కట్. వెబ్‌టనెల్ రకం బ్రిడ్జి పెట్టండి, చూసేవాడికి మామూలు హెచ్‌టీటీపీఎస్ సైటే. లైన్‌లో 2001:డీబీ8 అని మొదలయ్యే ఐపీ చూసి కంగారు పడకండి, అది ఉత్తుత్తి అడ్రసు. అసలు దారి వెనకున్న యూఆర్‌ఎల్‌లో ఉంటుంది.

ఓరుగల్లు_నోడ్:
రాయుడన్నా, చైనాది తెచ్చి రష్యాకు అంటగడ్తవేంది? ఒక్కో దేశానిది ఒక్కో తీరు. స్నోఫ్లేక్‌ను రష్యా 2021 డిసెంబర్ల డీటీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ (కనెక్షన్ మొదట్ల పలకరింపు) గుర్తువట్టి ఆపింది. ఇరాన్ 2022 అక్టోబర్ల టీఎల్ఎస్ ఫింగర్‌ప్రింట్ (ఎన్‌క్రిప్షన్ మొదలువెట్టే తీరు) చూసి ఆపింది. కొత్త వెర్షన్ వచ్చినంక మళ్ల నడిచింది. ఇంకోటి, హాస్టల్ వైఫై నాట్ (ఒక్క ఐపీ ఎనక శానా మందిని పెట్టి, బయటోళ్లను నేరుగ రానియ్యనిది) గట్టిదైతే అవతలి వాలంటీర్ నాట్ తెరిచి ఉండాలె, లేకుంటే ఇద్దరు కలవరు. అసొంటి వాలంటీర్లే తక్కువ. మనోళ్లు ఈడ ఇండియాల నాలుగు స్నోఫ్లేకులు నడిపితే ఏం పోతది?

చట్టబండ:
ఏం పోతుందో చెప్తా. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాలు చదివారా? వీపీఎన్ సేవలిచ్చేవాళ్లు కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచాలి. రేపు మీ ఐపీ మీదుగా ఎవడో ఏదో వెలగబెడితే సైబర్ క్రైమ్ మెట్లెక్కేది మీరే.

ఓరుగల్లు_నోడ్:
స్నోఫ్లేక్ ఎగ్జిట్ (సైటుకు పోయే ఆఖరి రిలే) కాదు సారూ! ఉల్లిగడ్డ లెక్క పొరలుపొరలుగ కట్టిన మూట నీ ఇంటికొస్తది, విప్పనీకి నీకు రాదు. అట్లనే స్నోఫ్లేక్ సర్వర్‌కు పోతది, ఆడికెల్లి మిడిల్, ఆడికెల్లి ఎగ్జిట్. సైటుకు కనవడేది ఎగ్జిట్ ఐపీ. నీది గాదు.

చట్టబండ:
సాంకేతికంగా సరే. కానీ సెర్ట్-ఇన్ ప్రశ్నోత్తరాల్లో ఇంటర్నెట్ ప్రాక్సీ లాంటి సేవలు అన్న మాట ఉంది. దానికి అర్థం చెప్పేది మీరు కాదు.

ఓరుగల్లు_నోడ్:
మీరు గూడ కాదు. నా కస్టమర్ ఎవడో చూపెట్టుండ్రి ముందు.

రిలేరాయుడు:
ఇద్దరూ ఆపండయ్యా. భయముంటే ఎగ్జిట్ జోలికి పోకండి, అంతే. మొబైల్ డేటా మీద స్నోఫ్లేక్ నడిపితే సీజీనాట్ (ఫోన్ కంపెనీ పెట్టే నాట్) దెబ్బకి తరచూ రిస్ట్రిక్టెడ్, అంటే గట్టి నాట్ అనే పడుతుంది. డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి డబ్బాలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) నడిపేవాళ్లు నెట్‌వర్క్ మోడ్ హోస్ట్ అని పెట్టడం మరిచిపోతారు. డాకర్ తన నాట్ ఇంకోటి తగిలిస్తుంది, మళ్లీ అదే గొడవ. చేతనైతే వెబ్‌టనెల్ బ్రిడ్జి పెట్టండి. 2024 నవంబర్‌లో టోర్ ప్రాజెక్ట్ 200 కొత్తవి కావాలని పిలుపిచ్చింది కదా: సొంత డొమైన్, మారని ఐపీవీ4, నెలకి కనీసం 1 టీబీ డేటా. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్), వెనక ఎవరూ ఊహించలేని పాత్ (యూఆర్‌ఎల్‌లో డొమైన్ తర్వాతి భాగం). డొమైన్ మొదటి పేజీ ఖాళీగా వదలకండి, వంటల బ్లాగైనా సరే ఏదో ఒకటి పెట్టండి.

షార్జా_చాయ్:
ఇదంతా సరే, దుబాయ్‌లో టోర్ పెడితే వాట్సాప్ కాల్ వెళ్తుందా?

ఉల్లిపొర:
వెళ్లదనే అనుకోండి. టోర్ టీసీపీ (పోయిన ముక్కని మళ్లీ పంపే పద్ధతి) మాత్రమే మోస్తుంది, కాల్స్‌కి యూడీపీ (ఆగకుండా పంపేసే పద్ధతి) కావాలి. టీసీపీకి మళ్లినా మూడు రిలేలు తిరిగొచ్చేసరికి మాట ముక్కలైపోతుంది. పైగా అక్కడి 2021 చట్టంలో ఐపీ దాచి నేరం చేస్తే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా. అక్కడ నడిచే కాలింగ్ యాప్ బోటిమ్‌తో సరిపెట్టుకోండి.

తెవికీ_పురుగు:
టోర్‌లోంచి తెలుగు వికీపీడియా చదవొచ్చు గానీ దిద్దలేం. ఎగ్జిట్ ఐపీలన్నీ నిరోధంలో ఉంటాయి, మామూలు ఖాతాతో లాగిన్ అయినా అంతే. ఐపీ నిరోధ మినహాయింపు అడిగి తెచ్చుకోవాలి.

ఓరుగల్లు_నోడ్:
గిది ఎవలడిగిన్రు?

తెవికీ_పురుగు:
మీ ఇద్దరి కొట్లాట ఎవరడిగారు?

ఉల్లిపొర:
మాస్కోమంచు గారూ, ల్యాప్‌టాప్ గడియారం చూశారా? టైమ్ జోన్ కోల్‌కతాలోనే ఉంచి అంకెలు మాత్రం మాస్కో టైముకి మారిస్తే, కంప్యూటర్ లెక్కలో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రెండున్నర గంటలు వెనకబడుతుంది. ఓబీఎఫ్ఎస్4 హ్యాండ్‌షేక్‌లో ఇప్పుడు ఎన్నో గంట అన్నది కలిసి ఉంటుంది, అటో గంట ఇటో గంట వరకే ఒప్పుకుంటుంది. దాటితే బ్రిడ్జి పలకదు, ఎందుకో కూడా చెప్పదు. సెన్సార్ వాడు తలుపు తట్టినా అలాగే మూగనోము పడుతుంది, డిజైనే అంత.

మాస్కోమంచు:
అదే అండీ! జోన్ కోల్‌కతా, టైము చేత్తో మార్చింది. జోన్ మాస్కో చేసి ఆటోమేటిక్ పెట్టా, అదే పాత లైన్‌తో 100కి వెళ్లింది. ఇన్‌స్టా మాత్రం ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు గుర్తుపట్టమంటోంది.

ఓరుగల్లు_నోడ్:
రాయుడన్నా, ఓబీఎఫ్ఎస్4 దండగంటివి?

రిలేరాయుడు:
ఇవాళ నడిచింది. వెబ్‌టనెల్ లైన్ ఒకటి పక్కన పెట్టుకోండి, రెండు రోజుల్లో పనికొస్తుంది.

చట్టబండ:
రాయుడు గారూ, ఇంతకీ మీ బ్రిడ్జి సర్వర్ ఇండియాలోనే ఉందా?

ఓరుగల్లు_నోడ్:
మళ్ల షురూ జేసిండు.