గేదెల కాళ్ళ మీద వాలేవి మామూలు ఈగలేనా? కాస్త చెప్పండి

మా పాకలో ముసురు పట్టినప్పటి నుంచి గేదెలు నిలకడగా నిలబడటం లేదు. ఒకటే కాళ్ళు విదిలించడం, పాలు పితికేటప్పుడు తోకతో మొహం మీద కొట్టడం. చూస్తే బూడిద రంగు ఈగలు, ఇంట్లో అన్నం మీద వాలేవాటిలాగే ఉన్నాయి. జోరీగలు మాత్రం కావు, అవి ఇంతకంటే బాగా పెద్దవి, చప్పుడుతోనే తెలిసిపోతాయి.

ఇంటి ఈగకు కుట్టే నోరు ఉండదు, తడిని అద్దుకుని పీలుస్తుందంతే. పశువుల్ని కుట్టే పాక ఈగకైతే తల ముందుకు సూదిలా నల్లటి ముట్టె పొడుచుకుని ఉంటుందట, ఆడా మగా రెండూ రక్తం తాగుతాయట. ఒకదాన్ని చంపి ఫోన్‌తో ఫోటో తీశాను కానీ నలిగిపోయింది, ముట్టె ఉందో లేదో తేలలేదు. పొట్ట మీద మచ్చలున్నట్టు అనిపించింది.

భూతద్దం లేకుండా, బతికున్నప్పుడే వాలిన తీరును బట్టి గుర్తుపట్టే పద్ధతి ఏమైనా ఉందా? కుట్టేవే అయితే, పాక వెనక పేడ, మూత్రంతో కుళ్ళిన గడ్డిలోనే పుడుతున్నాయేమోనని నా అనుమానం. ముందు దాన్ని ఎత్తిపోయించాలా, మందు కొట్టించాలా? పాలిచ్చే గేదెలు, అందుకే భయం.