హ్యారీ పోటర్ టీవీ సిరీస్‌లో పుస్తకంలోని ప్రతి ఘట్టమూ ఉండి తీరాలా?

గ్రంథాలయ వాసి
2023 ఏప్రిల్‌లో హెచ్‌బీఓ ప్రకటించిన హ్యారీ పోటర్ సిరీస్ చిత్రీకరణ 2025 జులైలో లీవ్స్‌డెన్ స్టూడియోలో మొదలైంది. పాత సినిమాలు తీసింది కూడా అక్కడే. ఒక్కో పుస్తకానికి ఒక్కో సీజన్ కేటాయిస్తారట. రచయిత్రి రోలింగ్ కార్యనిర్వాహక నిర్మాతల్లో ఒకరు. ఇంత వ్యవధి దొరికినప్పుడు పుస్తకంలోని ఒక్క ఘట్టాన్ని కూడా వదలకూడదని నా వాదన. ఏడు పుస్తకాల్లోనూ పెద్దదైన ఐదో పుస్తకంలో 38 అధ్యాయాలుంటే, దాని సినిమా నిడివి 138 నిమిషాలు మాత్రమే. మూడో సినిమాలో మరాడర్స్ మ్యాప్‌ను, అంటే బడిలో ఎవరెక్కడ ఉన్నారో చూపే మాయా పటాన్ని, తయారు చేసిన నలుగురు ఎవరో చెప్పనే లేదు. వారిలో ఒకడు మగ జింకగా మారగల హ్యారీ తండ్రి జేమ్స్. దానివల్ల హ్యారీ పాట్రోనస్ (మంత్రంతో పుట్టే రక్షక రూపం) మగ జింక రూపంలో ఎందుకు వస్తుందో సినిమా మాత్రమే చూసినవారికి తెలిసే దారే లేకుండా పోయింది. ఇక హాగ్వార్ట్స్ మాంత్రిక బడిలోని అల్లరి భూతం పీవ్స్ విషయానికి వస్తే, మొదటి సినిమా కోసం రిక్ మేయల్ ఆ పాత్రలో నటించిన తరువాత ఆ సన్నివేశాలన్నీ తీసేశారు. ఈసారీ పీవ్స్ లేకపోతే ఈ సిరీస్‌ను నమ్మకమైన రూపాంతరంగా నేను అంగీకరించను.

కోనసీమ గుడ్లగూబ
పీవ్స్ ఉండాల్సిందే. మరో మాట లేదు.

ఓరుగల్లు వీక్షకుడు
గ్రంథాలయ వాసి గారూ, నిడివి పెరిగినంత మాత్రాన కథ దానంతటదే బాగుపడదు. ఈ పుస్తకాల్లో కొన్ని ప్రారంభ అధ్యాయాలను పక్కన పెడితే దాదాపు కథ అంతా హ్యారీ కళ్లతోనే చూస్తాం. అతడు లేని చోట జరిగేదంతా తలుపు చాటు నుంచి విన్న మాటల ద్వారానో, ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ చివర్లో ఇచ్చే సుదీర్ఘమైన వివరణ ద్వారానో మనకు చేరుతుంది. టీవీకి ఆ కట్టుబాటు అవసరం లేదు. ఉపాధ్యాయుల గదిలో మెక్‌గోనగల్, స్నేప్ ఏం మాట్లాడుకుంటారో, మాంత్రికుల మంత్రిత్వ శాఖలో మంత్రి ఫజ్ భయం ఎలా ముదురుతుందో నేరుగా చూపవచ్చు. నేను కోరేది అలాంటి కొత్త ఘట్టాలను. అధ్యాయాలను వరుసగా అప్పజెప్పడం కాదు.

మూసీ తీరం
స్నేప్ గురించి ఎవరూ మాట్లాడరేం? కథ మొదలయ్యే నాటికి పుస్తకంలో అతని వయసు 31. మొదటి సినిమా నాటికి ఆ పాత్ర వేసిన ఆలన్ రిక్‌మన్ వయసు 50 దాటింది. కొత్త సిరీస్‌లో స్నేప్‌గా నటిస్తున్న, 1990లో పుట్టిన పాపా ఎస్సియెడూ ఆ వయసుకు ఎంతో దగ్గరివారు. అయినా ఆయన ఒంటి రంగు మీదే గొడవ చేస్తున్నారు.

నల్లమల నీడ
గొడవ కోసం కాదు, నిజమైన సందేహంతోనే అడుగుతున్నాను. జేమ్స్, అతని స్నేహితులు స్నేప్‌ను అందరి ముందు తలకిందులుగా వేలాడదీసే ఘట్టం ఐదో పుస్తకంలో ఉంది. తెల్లజాతి కుర్రాళ్లు ఒక నల్లజాతి కుర్రవాడిని అలా అవమానిస్తున్నట్టు తెర మీద కనిపిస్తే ఆ ఘట్టం బరువు మారిపోతుంది. రచయితలు దాన్ని తెలిసి మోస్తారా, చూడనట్టు దాటేస్తారా అన్నదే నా భయం.

గ్రంథాలయ వాసి
స్నేప్ చర్చకు వేరే చోటు ఉంది. ఓరుగల్లు వీక్షకుడు గారూ, పీవ్స్‌ను మీరు హాస్య పాత్రగా కొట్టిపారేస్తున్నట్టున్నారు. ఐదో పుస్తకంలో హ్యారీ స్నేహితుడు రాన్ అన్నలైన వీస్లీ కవలలు బడి వదిలి వెళుతూ, బడిపై పెత్తనం చేస్తున్న అంబ్రిడ్జ్ పని పట్టమని పీవ్స్‌కు అప్పగిస్తే, అంతవరకు ఏ విద్యార్థి మాటా వినని ఆ అల్లరి భూతం వారికి వందనం చేస్తుంది. అదే భూతం షాండ్లియర్‌ను ఊడదీస్తుంటే, క్రమశిక్షణకు మారుపేరైన మెక్‌గోనగల్ పక్కనుంచి వెళుతూ, మర ఏ వైపు తిప్పాలో చెబుతుంది. అధికార దుర్వినియోగానికి ఒక బడి మొత్తం ఎలా ఎదురు తిరుగుతుందో ఆ రెండు ఘట్టాలలో ఉంది.

ఓరుగల్లు వీక్షకుడు
నేను పీవ్స్ పేరే ఎత్తలేదు. నేను ఎవరి కళ్లతో కథ చూడాలన్న విషయం రాస్తే, మీరు మళ్లీ పీవ్స్ దగ్గరికే వెళ్లారు.

గ్రంథాలయ వాసి
ఎందుకంటే ప్రతి కత్తిరింపుకూ వెనక ఇలాంటి నష్టమే ఉంది కనుక. ప్రతినాయకుడు వోల్డెమార్ట్ తల్లి మెరోపీ కథ ఆరో సినిమాలో లేదు. దాని బదులు పుస్తకంలో లేని వీస్లీల ఇంటి దహనం పెట్టారు. పుస్తకంలో వోల్డెమార్ట్ అందరి కళ్ల ముందు మామూలు మనిషిలా నేలకొరిగి, శవంగా మిగులుతాడు. సినిమాలో గాలిలో కలిసిపోతాడు. చావుకు భయపడినవాడికి మామూలు చావు రావడమే ఆ కథకు న్యాయమైన ముగింపు. ఏం పోయిందో పుస్తకాలు చదవనివారికి తెలియదు కనుక, ఈ చర్చలో వారు కొంచెం వినయంగా ఉంటే బాగుంటుంది.

ఓరుగల్లు వీక్షకుడు
ఆ చివరి వాక్యం దగ్గరే ఆగుదాం. నేను తెలుగు మాధ్యమంలో చదివాను. హ్యారీ పోటర్ నాకు పరిచయమైంది టీవీలో, తెలుగు డబ్బింగ్‌లో. ఇంజనీరింగ్‌లో చేరాక అక్కడి పుస్తకప్రియుల బృందం దగ్గరికి ఎంతో ఇష్టంగా వెళితే, సినిమా చూసి వచ్చినవాళ్లకు ఇక్కడ చోటు లేదని అందరి ముందు అన్నారు. ఆ తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఏడు పుస్తకాలూ ఇంగ్లిష్‌లోనే చదివాను. మెరోపీ కథ నాకూ ఇష్టమే. కానీ మీ వాక్యంలో ఆ బృందం గొంతే వినిపించింది. ఇంగ్లిష్‌లో ముందుగా చదివినవారికే ఈ కథ మీద హక్కు ఉందని మీరు నమ్ముతున్నారు. పీవ్స్ దానికి ఒక సాకు.

కోనసీమ గుడ్లగూబ
ఇద్దరూ నిదానించండి, దయచేసి.

గ్రంథాలయ వాసి
సాకు కాదు. 2007 జులై 21న చివరి పుస్తకం కోసం హైదరాబాద్‌లో ఒక పుస్తకాల దుకాణం ముందు తెల్లవారకముందే వరుసలో నిలబడ్డాను. ఆ పుస్తకాలు చదివేటప్పుడు నా మనసులో హాగ్వార్ట్స్‌కు ఒక రూపం ఉండేది, హెర్మయనీకి ఒక ముఖం ఉండేది. ఒక్కో సినిమా వచ్చిన కొద్దీ అవి చెరిగిపోయాయి. ఇప్పుడు కళ్లు మూసుకున్నా సినిమాల్లో హెర్మయనీగా నటించిన ఎమ్మా వాట్సన్ ముఖమే వస్తుంది. అది నాకు నిజమైన నష్టం. దాన్ని ఎవరి మీదా ఆధిక్యం కోసం చెప్పడం లేదు. నేను చదివినది ఒక్కసారైనా తెర మీద చూడాలన్నదే నా కోరిక, అందుకు ఇదే చివరి అవకాశం.

ఓరుగల్లు వీక్షకుడు
ఇది మొదటి టపాలోనే రాసి ఉంటే నేను ఇంత కోపంగా రాసేవాడిని కాదు. అయితే నా వైపు కూడా చూడండి. మీకు చెరిగిపోయిన చోట నాకు మొదటిసారి బొమ్మ పడింది. ఆ సినిమాలు తప్పుడు రూపమని మీరు అన్నప్పుడల్లా నా చిన్నతనంలో సగం తప్పని విన్నట్టుంటుంది. కొత్త సిరీస్‌లో నాకు పీవ్స్ కన్నా తెలుగు డబ్బింగ్ ముఖ్యం. పదేళ్ల పాటు సాగే కథలో హ్యారీకి, రాన్‌కు, హెర్మయనీకి సీజన్‌కొక కొత్త గొంతు పెట్టకుండా, పిల్లలతోపాటు ఎదిగే గొంతులను ఎంచుకోవాలి. ఇంగ్లిష్ ఎపిసోడ్ వచ్చిన రోజే తెలుగుదీ రావాలి.

మూసీ తీరం
డబ్బింగ్ విషయంలో నూటికి నూరుపాళ్లు సమర్థిస్తున్నాను.

గ్రంథాలయ వాసి
నేనూ సమర్థిస్తాను. ఘట్టాల విషయంలో మాత్రం నా మాట మారదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. పుస్తకాల ప్రకారం హ్యారీ తల్లిదండ్రులు జేమ్స్, లిల్లీ చనిపోయేనాటికి వారి వయసు 21. సినిమాల్లో వారిని నడివయసు దంపతుల్లా చూపడంతో, తమ జీవితమే ఇంకా మొదలుకాని ఇద్దరు కుర్రవాళ్లు బిడ్డ కోసం ప్రాణాలిచ్చారన్న సంగతి ఎవరికీ తట్టలేదు. పుస్తకాన్ని వదిలితే పోయేది ఇదే.

ఓరుగల్లు వీక్షకుడు
ఈ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. కానీ దీనికి అధ్యాయాలన్నీ తీయనక్కర్లేదు. ఇరవై దాటిన వయసున్న నటులు ఇద్దరు చాలు.